బండి కడగవద్దు

పోయిన వారం మా ఇంటికి ఒక పోస్టుకార్డు వచ్చింది. మా కారు ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గర్నుంచి ఏటా ఈ రోజుల్లో అలాంటి కార్డు రావడం మామూలే. పదకొండేళ్ళుగా వస్తోంది. ఈసారి చేతిరాత వేరు, భాష వేరు. ఎప్పుడూ గుండ్రటి తెలుగు అక్షరాలతో వచ్చే కార్డు హిందీలో వచ్చింది. నా హిందీ ఆఫీసు ఫైళ్ళ వరకూ సరిపోతుంది గాని గొలుసుకట్టు రాత చదవలేను. మా ఆవిడ శ్యామల చదివి వినిపించింది.

తన నాన్నగారు పోయిన నెలలో కాలం చేశారనీ, ఆయన డైరీలో మా బండి గడువు తారీఖు రాసి ఉందనీ, ఈసారి వేరే ఎవరి దగ్గరైనా ఇన్సూరెన్సు చేయించుకోమనీ, తారీఖు మాత్రం దాటనివ్వద్దనీ ఆయన కూతురు రాసింది. సంతకం చేశాక ఏదో గుర్తొచ్చి ఇరికించినట్టు కింద ఇంకో ముక్క ఉంది. "గాడీ మత్ ధోనా."

బండి కడగవద్దు. ఆ అమ్మాయి ఢిల్లీలో పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నాన్న ప్రతి కార్డు చివరా ఆ మాట రాస్తాడని తెలుసు గాని, ఎందుకు రాస్తాడో తెలిసి ఉండదు. అయినా వదిలిపెట్టకుండా రాసింది. శ్యామల కార్డు టేబుల్ మీద పెట్టి, "బాబాయిగారు పోయారటండీ" అంది. నాకు వినపడలేదేమోనని మళ్ళీ ఒకసారి అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనే ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. నేను ఇన్సూరెన్సాయన అనేవాణ్ణి, శ్యామల బాబాయిగారనేది. ఆయన వరంగల్ వైపు మనిషి, ఢిల్లీకి ఎప్పుడు వచ్చాడో, ఎందుకు వచ్చాడో నేను అడగలేదు. ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు కనిపించే మనిషి. అలాంటి మనిషి పోయాడంటే ఇంత దిగులు పడతానని నేను అనుకోలేదు.

ఆయన నాకు బండితో పాటు వచ్చాడు. సైన్యంలో ఉన్న మా మావయ్య కంటోన్మెంటు నుంచి పూనాకి బదిలీ అవుతూ తన పాత అంబాసిడర్‌ని నాకు అంటగట్టాడు. అప్పుడు నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, పగలు ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు పని చేస్తూ, మిగతా వేళల్లో ఐఏఎస్ పరీక్షకి చదువుతున్నాను. కారు కొనే జీతమూ కాదు, కారు పెట్టుకునే చోటూ లేదు. కలెక్టరయ్యాక ఎలాగూ కావాలి కదరా, ఇప్పటి నుంచే అలవాటు చేసుకో అన్నాడు మావయ్య. ఆ మాటకి పడిపోయాను.

తాళాలు ఇచ్చేటప్పుడు మావయ్య ఇంకో సంగతి చెప్పాడు. ఒకసారి ఆయన బండి ఇన్సూరెన్సు గడువు దాటిన మర్నాడే ధౌలాకువాఁ దగ్గర ఒక ట్రక్కుకి గుద్దేశాడట. ఇన్సూరెన్సాయన్ని పిలిపించి, నిన్నటి తారీఖు వేసి కాగితం రాసిపెట్టమన్నాడట. యూనిఫారంలో ఉన్న మనిషి అడిగితే ఢిల్లీలో కాదనేవాళ్ళు తక్కువ. ఈయన మాత్రం టీ కప్పు కింద పెట్టేసి, తారీఖు మీద నేను చెయ్యి పెట్టలేను సార్ అని లేచి వెళ్ళిపోయాడట. "వారం రోజులు వాణ్ణి తిట్టుకున్నాన్రా. ఆ తర్వాత నా స్నేహితులందరికీ వాడి దగ్గరే చేయించాను" అన్నాడు మావయ్య.

మొదటి కార్డు ఆ ఏడాదే వచ్చింది. "మీ బండికి గడువు దగ్గర పడినది. ఆదివారం వచ్చి చూచెదను. బండి కడగవద్దు." అంతే. నేను పరీక్షలకు చదివే మనిషిని, నియమ నిబంధనల మీద గౌరవం ఎక్కువ. అయినా దుమ్ము కొట్టుకుపోయిన బండి చూపించడానికి సిగ్గేసి, ఆదివారం పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు మోసి శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఆయన బస్సు దిగి, రెగ్జిన్ సంచీ భుజాన వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని సందు మలుపు తిరిగాడు. బండిని దూరం నుంచే చూసి ఆగిపోయాడు. "కడిగిండ్రా" అన్నాడు, పొలంలో పశువులు పడ్డాయని తెలిసిన రైతులాగా. అటు నుంచి అటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ బుధవారం వచ్చాడు, అప్పటికి దుమ్ము పట్టిందని తృప్తిపడ్డాక చూశాడు.

ఆయన లెక్క ఏమిటంటే, కడిగిన బండి అబద్ధం చెబుతుంది. దుమ్ము మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో, ఎక్కడ గీసుకుందో, ఏ తలుపు తియ్యడం మానేశారో తెలుస్తుంది. బండి చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిరిగేవాడు. వేలి కణుపుతో మడ్‌గార్డుల మీద కొట్టి, తల వంచి చప్పుడు వినేవాడు. ఎక్కడైనా లప్పం పెట్టి రంగు వేసి ఉంటే ఆ చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. అప్పుడు నా వైపు చూసి కనుబొమలు ఎత్తేవాడు. అది మావయ్య హయాంలోది అని నేను చెప్పుకునేవాణ్ణి.

చుట్టూ తిరిగాక డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. ఇంజను వేసేవాడు కాదు. ఆయనకి అసలు డ్రైవింగ్ రాదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, కింద పెడల్స్ రబ్బరు ఎంత అరిగిందో చూసేవాడు. క్లచ్ రబ్బరు అరిగితే ఆ మనిషికి దిగులెక్కువ అనేవాడు. ఊరికే కాలు దాని మీదే పెట్టి ఉంచుతాడట. ఇక హారన్ బటన్ మీద వేలితో రాసి చూసేవాడు. ఒక ఏడాది, "హారన్ నున్నగయింది సార్. పోయినేడు ఇట్ల లేకుండె" అన్నాడు. ఆ ఏడాది నేను మొదటిసారి పరీక్ష తప్పాను. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు.

ఇదంతా అయ్యాకనే టీ. ముందు తాగితే కళ్ళకి మొహమాటం వస్తుందట. టీ తాగుతూ సంచీలోంచి అట్ట చిరిగిన రేట్ల పుస్తకం తీసి, ఏటా నాకు కొత్తగా చెబుతున్నట్టే మొత్తం చెప్పేవాడు. ఊరు పెద్దదైతే రేటు పెద్దది. ఇదే బండి వరంగల్‌లో ఉంటే ప్రీమియం తగ్గేది, ఢిల్లీలో ఉంది కాబట్టి పెరిగింది. ఇంజను పెద్దదైతే ఇంకొంచెం. సొంతానికి వాడితే ఒకటి, కిరాయికి తిప్పితే ఒకటి. బండి విలువ ఎంత రాస్తే దాన్ని బట్టి ఇంకొంత. అందరిలాగే నేనూ విలువ కాస్త తగ్గించి రాయమనేవాణ్ణి. "తక్కువ రాస్తే ఇయ్యాల మీకు సంబురం సార్. బండి పోయిన్నాడు ఏడుస్తరు" అని, తను అనుకున్నదే రాసేవాడు. ఏడాదంతా ఏ ప్రమాదమూ చేయకుండా, కంపెనీని ఏమీ అడగకుండా ఉంటే మరుసటి ఏడు ప్రీమియంలో కొంత తగ్గిస్తారు, దాన్ని బోనస్ అంటారు. అది చెప్పేటప్పుడు లేచి నిలబడి నాకు షేక్ హ్యాండ్ ఇచ్చేవాడు. ఢిల్లీలో నేను ఏటా తప్పకుండా పాసైన పరీక్ష అదొక్కటే.

చివరగా ఒక ప్రశ్న ఉండేది. అది రేట్ల పుస్తకంలో లేదు, ఏ ఫారంలోనూ లేదు. కలం మూత తీసి, రాయబోయే ముందు ఆగి అడిగేవాడు. "ఈ మధ్యల ఎవరి మీదనన్న కోపముందా సార్?"

మొదటిసారి నవ్వొచ్చింది. ఇదెందుకు అన్నాను. ఊరు చూస్తారు, ఇంజను చూస్తారు, పాత ప్రమాదాలు చూస్తారు, అన్నీ చూసి రేటు కడతారు, కానీ బండి గుద్దేది ఊరూ కాదు ఇంజనూ కాదు అన్నాడు. ఇంట్లో పోట్లాడి తాళాలు తీసుకుని బయటికొచ్చే మనిషి గుద్దుతాడట. ముప్పై ఏళ్ళుగా సొట్టలు చూస్తున్నానని, అందులో సగం సొట్టలు రోడ్డు మీద పుట్టినవి కావని చెప్పాడు. మరి ఆ ప్రశ్నకి ఫారంలో గడి ఎందుకు లేదని అడిగాను. పెడితే నిజం ఎవరు చెప్తరు సార్ అన్నాడు. కోపం లేదని నేను చెప్పాక గాని సంతకం పెట్టలేదు. మా సెక్షన్ ఆఫీసరు మీద ఉందని తర్వాత ఏడాది సరదాకి చెప్తే, ఆ ఆఫీసరుకే సెలవు చీటీ ఇచ్చి రెండు రోజులు బండి తియ్యకుండా ఉండమని సలహా ఇచ్చాడు. తమాషాకి అన్నానని ఎంత చెప్పినా నమ్మలేదు.

పెళ్ళయ్యాక జనక్‌పురికి మారాం. మేడ మీద వాటా, కింద ఇంటివాళ్ళ పంజాబీ ఆంటీ, ముందు ఆకుపచ్చ రంగు వేసిన ఇనప గేటు. ఆంటీ మంచిదే, కాని ఆవిడ కుర్చీ వరండాలోంచి కదిలేది కాదు. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఏ చేతి సంచీతో వెళ్ళారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. శ్యామలకి మొదటి నుంచీ ఆ కుర్చీ అంటే బెరుకు.

ఇన్సూరెన్సాయన వస్తున్నాడంటే శ్యామలకి సరదా. ఢిల్లీలో తనని బిడ్డా అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. మా కృష్ణా జిల్లా యాసకీ ఆయన వరంగల్ యాసకీ వంతెన కట్టే పని ఆమె తీసుకుంది. ఆయన చాయ్‌పత్తా అంటే టీపొడి అని, ఆయన మంచిగున్నది అంటే నిజంగానే మెచ్చుకున్నాడని నాకు చెప్పేది. ఒకసారి బండి వెనక సీటు మీద దుమ్ములో వేలితో ముగ్గు గీసిపెట్టింది. ఆయన వంగి దాన్ని చూసి, చెరపకుండా తలుపు మూశాడు. ఆ ఏడాది నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆటల పోటీల కోసం ఊళ్ళో ఎటు చూసినా ఫ్లైఓవర్లు లేస్తున్న రోజులు. ఐఏఎస్ పరీక్ష నాకది మూడోసారి, ఆఖరిసారి. అది తప్పితే మళ్ళీ రాయడానికి లేదు. కార్డు ఎప్పటిలాగే వచ్చింది. గడువు ఆ ఆదివారంతో ముగుస్తోంది. నేను ఆఫీసు నుంచి ఆయనకి ఫోను చేసి, సోమవారం ఫలితాలున్నాయి, ఇప్పుడు నాకు ఇవేవీ పట్టవు, బుధవారం రమ్మన్నాను. తారీఖు దాటిపోతుంది సార్ అని ఆయన అంటూంటే, దాటితే ఏమవుతుంది, కొంప మునుగుతుందా అని ఫోను పెట్టేశాను.

సోమవారం జాబితాలో నా నంబరు లేదు. రెండుసార్లు పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చూశాను. ఇంటికొచ్చేసరికి శ్యామల ఆరిన బట్టలు మడత పెడుతోంది. నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చింది. పోనీలెండి, ఉద్యోగం ఉంది కదా అంది. అందులో తప్పేముంది? ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా తప్పు కనపడదు. కాని ఆ క్షణాన నాకు ఎక్కడో గుచ్చుకుంది. "నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నాకు ఒక్కటీ కలిసిరాలేదు" అన్నాను.

నోరు జారిన మాట కాదది. తెలిసి, తగలాలనే అన్నాను. ఆమె చేతిలో చొక్కా ఉంది, నాదే. దాన్ని మడతపెట్టడం పూర్తిచేసి, దొంతర మీద పెట్టి లోపలికి వెళ్ళింది. నేను తాళాలు తీసుకుని కిందికొచ్చాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. బండి స్టార్ట్ చేసి వెనక్కి ఒక్క ఊపున తోశాను. గేటు సగమే తెరిచి ఉందని చూసుకోలేదు. వెనక బంపరు లోపలికి పోయింది, ఎడమ లైటు పగిలిపోయింది. కుర్చీలోంచి ఆంటీ లేచి నిలబడడం అదే మొదటిసారి చూశాను.

మంగళవారం శ్యామల ఒక్కతే బస్సెక్కి స్టేషనుకి వెళ్ళి, ఆడవాళ్ళ వరుసలో నిలబడి, విజయవాడకి టిక్కెట్టు తెచ్చుకుంది. దాన్ని టేబుల్ మీద నా ముందు పెట్టింది. రేపు సాయంత్రం రైలుకి వెళ్తున్నానని చెప్పింది. ఎన్నాళ్ళకో చెప్పలేదు. ఒక్క సాయం మాత్రం అడిగింది. "కార్లో దింపండి. ఆటోలో సామానేసుకుని ఒక్కదాన్నే వెళ్తే కింద ఆంటీకి తెలిసిపోతుంది. మీరు దింపితే పుట్టింటికి సరదాగా వెళ్తున్నాననుకుంటుంది." సరేనన్నాను. అప్పుడు కూడా తప్పయిపోయింది అనలేదు. మూడుసార్లు ఓడిపోయిన వాణ్ణి, నాలుగోసారి కూడా ఓడిపోవాలా అని ఏదో వెధవ పౌరుషం.

బుధవారం పొద్దున పదింటికి ఇన్సూరెన్సాయన వచ్చాడు. ఆయన వచ్చేముందే శ్యామల తన సామాను బండి డిక్కీలో పెట్టేసింది. ఆంటీ స్నానానికి వెళ్ళే వేళ చూసుకుని పెట్టింది.

ఆయన ఎప్పటిలాగే బండి చుట్టూ తిరిగాడు. బంపరు దగ్గర ఆగాడు. తిలక్‌నగర్ దగ్గర ఆవు అడ్డమొచ్చిందని చెప్పాను. ఆయన వంగి బంపరు మీద గోటితో గీకాడు. ఆ గోటి కొసన ఉన్న రంగు చూశాడు, తలెత్తి మా గేటు వంక చూశాడు.

"ఆవు ఆకుపచ్చగ ఉండెనా సార్?"

తల కొట్టేసినట్టయింది. గేటుకే తగిలిందని ఒప్పుకున్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. కాగితం మీద శనివారం తారీఖు వేస్తే లైటు ఖర్చయినా కంపెనీ ఇస్తుంది కదా అన్నాను. మావయ్య చెప్పిన కథ తెలిసి కూడా అడిగాను. ఆయన కోప్పడలేదు. "అది నాతోని గాదు సార్" అని డిక్కీ తెరిచాడు.

లోపల ఒక ఇనపపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒకరికి సరిపడే చిన్న టిఫిను కారేజీ, ఒక మరచెంబు ఉన్నాయి. ఆయన వాటిని ముట్టుకోలేదు. అట్లా చూస్తూ నిలబడ్డాడు. ఊరికా సార్ అని అడిగాడు. ఆవిడ వెళ్తోందన్నాను. ఒక్కతేనా అన్నాడు. అవునన్నాను. మెట్ల మీద శ్యామల నిలబడి ఉంది. ఆయన డిక్కీ తలుపు చప్పుడు కాకుండా దించి, నా వైపు తిరిగి, ఏటా అడిగే ప్రశ్న అడిగాడు.

"ఈ మధ్యల ఎవరి మీదనన్న కోపముందా సార్?"

నేను పాత పాలసీ కాగితం, చెక్కు తెస్తానని మేడ మీదికి వెళ్ళిపోయాను. నిజానికి అవి ఎక్కడున్నాయో నాకు తెలియదు, అన్నీ శ్యామలే సర్దుతుంది. వెతికి, చెక్కు రాసి, మొహం కడుక్కుని కిందికొచ్చేసరికి పావుగంట పట్టింది. అప్పటికి ఆయన సంచీ మూత పెట్టేసుకుని గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

మామూలుగా అయితే కవర్ నోటు రాసి ఇచ్చేవాడు. పాలసీ కాగితం కంపెనీ నుంచి తర్వాతెప్పుడో పోస్టులో వస్తుంది. అది వచ్చేదాకా బండికి ఇన్సూరెన్సు ఉందని చెప్పే చీటీ అది. కార్బన్ కాగితం పెట్టి, తారీఖు, టైము వేసి, పుస్తకంలోంచి చింపి ఇస్తాడు. ఆ రోజు ఇవ్వలేదు. చెక్కు మాత్రం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గడువు దాటిన బండి సార్. ఒక్కసారి చూస్తే సరిపోదు. మూడొద్దులు ఇట్లనే నిలబెట్టి మల్ల చూడాలె. శనివారం వస్త. అప్పటిదాన్క బండి గేటు దాటొద్దు."

ఇదెక్కడి రూలని అడిగాను. రూలేనన్నాడు. సాయంత్రం స్టేషనుకి వెళ్ళాలి, ఒక్కసారికి వదిలెయ్యమన్నాను. ఇన్సూరెన్సు లేని బండి రోడ్డు మీదికి తెచ్చి ఎవరికైనా తగిలితే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఉండవన్నాడు. శ్యామల టీ తెచ్చింది. తను చూసే పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి టీ శనివారం తాగుతానని చెప్పి, తాగకుండా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. వెనకనుంచి చాదస్తపు ముసలాడని కూడా అన్నాను.

సాయంత్రం నాలుగవుతుంటే శ్యామలని అడిగాను, ఆటో పిలవనా అని. ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. ఆంటీ కుర్చీలోనే ఉంది. "ఆటోలో వెళ్ళను" అంది. టిక్కెట్టు టేబుల్ మీదే ఉండిపోయింది. రైలు వెళ్ళే వేళ ఇద్దరం చెరో గదిలో కూర్చున్నాం. ఆ టైము దాటాక ఆమె కిందికెళ్ళి టిఫిను కారేజీ తెచ్చింది. ఒకరికని కలిపిన పులిహోర రెండు పళ్ళేల్లో పెట్టింది. చెరో మూలా కూర్చుని తిన్నాం.

గురువారం కూడా అంతే. ఆఫీసుకి బస్సులో వెళ్ళాను, బస్సులో వచ్చాను. గేటు పక్కన బండి అలాగే నిలబడి ఉంది, డిక్కీలో ఆమె పెట్టె అలాగే ఉంది. వస్తూ పోతూ దాని పక్కనుంచే నడవాలి. ఆ పెట్టె బయటికి కనపడదు, అయినా నాకు కనపడుతూనే ఉంది. ఆ రెండు రోజులు బండి తీసుకుని ఎటైనా పోయే వీలుండి ఉంటే, పోయి ఉండేవాణ్ణే.

శుక్రవారం సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను రెండు మెట్లు కింద కూర్చున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందన్నాను. అన్నారుగా అంది. పరీక్ష నేను తప్పాను, నువ్వు కాదు, అది తెలిసే అన్నాను, తప్పయిపోయింది అన్నాను. చెప్తూంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఏడుపొచ్చేసింది. ముప్పైకి దగ్గరపడుతున్న మగాణ్ణి, జనక్‌పురిలో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆంటీ చూసే ఉంటుంది. శ్యామల తుంచిన కాయలు చూసుకుంటూ చెప్పింది.

"ఇంకోసారి ఆ మాటంటే ఆటోలోనైనా వెళ్ళిపోతాను."

శనివారం ఆయన వచ్చి, ఎప్పుడూ లేనిది మొట్టమొదట డిక్కీ తెరిచాడు. లోపల స్టెప్నీ, జాకీ తప్ప ఏమీ లేవు. చేతులు దులుపుకుని, బండి చుట్టూ కూడా తిరగకుండా, ఇక చూసేదేం లేదు సార్ అన్నాడు. జేబులోంచి మడిచి ఉన్న కవర్ నోటు తీసిచ్చాడు. నేను విప్పి చూడకుండానే ఫైల్లో పెట్టేశాను. రెండు కప్పుల టీ తాగాడు. శ్యామలని బిడ్డా ఇంకింత చక్కెర అని అడిగాడు. ఆ ప్రశ్న మాత్రం అడగలేదు.

ఆ తర్వాత కూడా ఏటా వచ్చాడు. మా అమ్మాయి పుట్టాక బండి వెనక అద్దం మీద దాని చేతి ముద్రలు చూసి, ఇవి తుడవకుండ్రి అన్నాడు. పోయినేడు వచ్చినప్పుడు మెట్లెక్కలేక కిందే కూర్చుంటే టీ కిందికే తెచ్చిచ్చాం. అదే ఆఖరిసారి.

నిన్న ఆదివారం. కొత్త ఏజెంటు పాత కాగితాలన్నీ కావాలన్నాడు, బోనస్ లెక్క కోసం. మనిషి రాడట, బండి చూడడట. ఫోనులోనే అయిపోతుందట. నేను ఫైలు ముందేసుకుని ఒక్కొక్కటే తీస్తుంటే ఆ కవర్ నోటు చేతికొచ్చింది. మొదటిసారి విప్పి చూశాను. ఆయన గుండ్రటి రాత. తారీఖు శనివారానిది కాదు. బుధవారానిది. టైము పొద్దున పది గంటల నలభై నిమిషాలు.

మనసు చివుక్కుమంది. తారీఖు మీద చెయ్యి పెట్టనన్న మనిషి, మావయ్యకి పెట్టని మనిషి, నన్ను అంత సిగ్గుపడేలా చేసిన మనిషి, మా కాగితం మీద వెనకటి తారీఖు వేశాడా? శనివారం తెచ్చి ఇచ్చిన చీటీ మీద బుధవారం ఎలా వచ్చింది? పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు గాని, ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. చీటీ తీసుకెళ్ళి శ్యామలకి చూపించాను. చూశావా, ఈయన కూడా అందరిలాంటివాడే అన్నాను.

శ్యామల చీటీ చేతిలోకి తీసుకుని చదివింది. చెంగుతో దాని మడతల్లోని దుమ్ము తుడిచింది.

"ఇది వెనకటి తారీఖు కాదండీ. ఆ బుధవారమే రాశారు. మీరు చెక్కు కోసం పైకెళ్ళారే, అప్పుడు. బానెట్ మీద పుస్తకం పెట్టి, గడియారం చూసుకుని రాశారు."

"రాస్తే మరి ఇవ్వలేదేం?"

"చింపి, నాకు చూపించి జేబులో పెట్టుకున్నారు. 'ఈ నిమిషం నుంచి బండికి ఇన్సూరెన్సున్నది బిడ్డా. బండి ఎటైనా పోవచ్చు. సార్‌కు ఇప్పుడే చెప్పాల్నా, శనివారం చెప్పాల్నా?' అని అడిగారు."

ఆ మూడు రోజులూ ఆమె పెట్టె డిక్కీలో ఉంది, టిక్కెట్టు టేబుల్ మీద ఉంది, బండి కదలొచ్చని ఆమెకి తెలుసు. రైలు వెళ్ళిపోయే వేళ పక్క గదిలో కూర్చున్నప్పుడు కూడా తెలుసు.

"నువ్వేమన్నావు?" అన్నాను.

శ్యామల చీటీని పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టింది.

"శనివారం అన్నాను."